అక్క ఇంటి తలుపు

ఆ వీధిలో గోడకి మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి. రెండు వైపులా భుజాలు రాసుకుంటూ నిలబడ్డ పాతకాలపు మేడలు, మధ్యలో ఒక బండి వస్తే ఇంకో బండి పట్టని రాతి బాట. ఇళ్ళలో నేలలు ఎంత వాలిపోయాయంటే, చేతిలోంచి గోళీ జారితే వెతుక్కునే పని లేదు, ఎప్పుడూ ఒకే మూలకి పోయి కూర్చుంటుంది. పరిరక్షణ ఆఫీసు ఆ పేటని చారిత్రక ప్రాంతంగా ప్రకటించి పాతికేళ్ళు దాటింది. అప్పటినుంచి వీధి వైపు గోడలకి మూడు రంగుల్లో ఒకటే వేయాలి, కిటికీలు చెక్కవే ఉండాలి, బట్టలు పెరటి వైపే ఆరేసుకోవాలి. చూడ్డానికి వచ్చే జనం మాత్రం కిటికీల్లోంచి తొంగి చూసి, లోపల భోజనం చేస్తున్నవాళ్ళని కూడా ఫొటో తీసుకుని మరీ వెళ్తారు. ఇక్కడివాళ్ళు దానికి అలవాటు పడ్డారు. వాళ్ళు కదిలేదాకా ముద్ద నోట్లోనే పెట్టుకుని, పోయాక నములుతారు.

వడ్రంగి ఆ వీధిలోనే పుట్టాడు, పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఆఫీసువాళ్ళు ఆమోదించిన వడ్రంగులు పేట మొత్తానికి ఇద్దరు. రెండో ఆయన చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు కాబట్టి, నిజానికి ఉన్నది ఇతనొక్కడే. యాభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే కొలతలు కుదరలేదనేవాడు. కింద పనిగది, పైన పడకగది, ఎదురుగా వీధికి అవతల అక్క ఇల్లు. అదే అతని సంసారం.

అక్క పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. లైబ్రరీల నుంచి అట్టలూడిపోయినవి, వెన్నువిరిగినవి కట్టలు కట్టలుగా వస్తాయి. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని, దారానికి మైనం రాసి, ఒక్కొక్క మడతా కుట్టుకుంటూ పోతుంది. మాట తక్కువ మనిషి. బావ పోయాక ఆ ఉన్న మాటలు కూడా సగమయ్యాయి.

బావ పోయింది పదకొండేళ్ళ కిందట. ఆ ఏడాదే ఆమె వీధి తలుపుకి చెద పట్టింది. పైకి నిగనిగలాడుతూనే ఉంది గానీ, లోపల చేవంతా పొడైపోయింది. ఒకరోజు గొళ్ళెం వేస్తుంటే గొళ్ళెంతో పాటు అరచేతంత చెక్క ఊడి చేతిలోకొచ్చింది. వడ్రంగి ఆఫీసుకి అర్జీ రాశాడు. పాత తలుపుని బాగు చేయాలే తప్ప మార్చకూడదని, బాగు చేసే పద్ధతిని నిపుణులు వచ్చి తేలుస్తారని జవాబు వచ్చింది. నిపుణులు ఎప్పుడొస్తారో అందులో లేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఒంటరిగా, తలుపు పడని ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? ఎవరో కూల్చేసిన గిడ్డంగి నుంచి పాత టేకు దూలాలు తెచ్చుకుని, పనిగది కిటికీలు మూసి, వడ్రంగి తానే కొత్త తలుపు చేశాడు.

అతని జన్మలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. పాత రెక్కల మీదున్న పువ్వుల వరసని కాగితం మీదకి దించుకుని, అచ్చంగా అలాగే చెక్కాడు. చిక్కటి టీ డికాషన్ పూసి, ఆరాక, ఇనుప మేకులు నానేసిన వెనిగర్ పూశాడు. చెక్క అతని కళ్ళముందే నల్లబడి ముసలిదైంది. చేయి ఆనే ఎత్తులో గరుకు కాగితంతో రుద్ది రుద్ది, తరాల అరిగింపు తెచ్చాడు. పాత ఇత్తడి కడియాన్నీ, పాత బందుల్నీ తీసి దీనికి బిగించాడు. చెదపట్టిన తలుపుని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. ఈ సంగతి తెలిసింది అతనికీ, అక్కకీ మాత్రమే. అంతా అయ్యాక ఆమె వచ్చి తలుపుని నిలువునా చూసి, అరచేత్తో ఒకసారి తడిమి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసుకి కొత్త పరిశీలకురాలు వచ్చాక కథ మలుపు తిరిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, చదువుకున్న అమ్మాయి, పనంటే ప్రాణం. వీధి వీధీ తిరిగి, ప్రతి గుమ్మం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని కొలిచి రాసుకునేది. అక్క ఇంటి తలుపు ముందు మూడు రోజులు గడిపింది. పోయినేడు ఆ గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం వెలిసింది. రెండు శతాబ్దాల నాటి తలుపట, పేటలో చెక్కుచెదరకుండా మిగిలిన ఏకైక నమూనా అట. ఎడమ రెక్కలో విచ్చుకున్న పువ్వుల మధ్య ఒక్కటి మాత్రం ముడుచుకున్న మొగ్గలా ఉండటం, పేరు తెలియని ఆ శిల్పి తన పనిలో దాచుకున్న సంతకమట.

వడ్రంగి అది చదివి పనిగదిలోకి పరుగున వెళ్ళి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత అక్కతో బాగానే నటిస్తున్నావని వేళాకోళమాడాడు. ఎందుకంటే చూడ్డానికి వచ్చినవాళ్ళెవరైనా అడిగితే, మా అత్తవారి తాతల నాటి తలుపని ఆమె నిబ్బరంగా చెప్పేది. నటనేంటి అంది అక్క. అతను ఇంకా నవ్వాడు. ఆమె నవ్వలేదన్నది అప్పుడతను పట్టించుకోలేదు.

వడ్రంగి పక్కింట్లో బస్సు డ్రైవరు ఉంటాడు. భార్యా, ముసలి తల్లీ. తల్లికి ఊపిరితిత్తుల జబ్బు. ఆ ఇంటి చెక్క కిటికీలు ఎండకి బీటలిచ్చి, చలికాలం వచ్చిందంటే గాలి ఈలలు వేసుకుంటూ లోపలికొస్తుంది. ఆమె దగ్గు గోడకి ఇవతల వడ్రంగికి వినిపించేది. డ్రైవరు రెండుసార్లు అర్జీ పెట్టి, విసిగిపోయి, సెలవురోజు చూసుకుని తల్లి గదికి అల్యూమినియం చట్రంతో అద్దాల కిటికీ పెట్టించేశాడు. గాలి ఆగింది. ఆ చలికాలం మొదట్లో దగ్గు కూడా తగ్గింది.

నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. డ్రైవరు దాన్ని పట్టుకుని పనిగదికి వచ్చి, చదివి పెట్టమన్నట్టు బల్ల మీద పెట్టాడు. నెల రోజుల్లో అద్దాల కిటికీ తీసేసి, ఆమోదించిన వడ్రంగి చేత పూర్వపు కిటికీ చేయించి పెట్టాలి. కింద ఒక మాట ఉంది. అదే వీధిలో ఒక ఒంటరి స్త్రీ రెండు వందల ఏళ్ళ తలుపుని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తుండగా, తమరికి ఆమాత్రం బాధ్యత లేకపోవడం విచారకరమని.

"చేసి పెట్టు మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. "మీ అక్కలాంటి మనిషిని చూపించి అడిగాక నేనేం మాట్లాడను? ఆవిడ చేయగలిగింది నేను చేయలేకపోయాను."

వడ్రంగి ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. చేస్తానని చెప్పి పంపించాడు గానీ, కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చేయి ఆడలేదు. ముసలామె మంచం మీద నుంచి చూస్తూ, గాలి రాకుండా బిగుతుగా చేయి నాయనా అంది. చెక్క కిటికీ ఎంత బిగుతుగా చేసినా ఎండకి ముడుచుకుంటుందని, వానకి ఉబ్బుతుందని, ఏడాది తిరిగేసరికి సందులు పడతాయని అతనికి తెలుసు. అలాగేనమ్మా అన్నాడు.

వారం రోజులు అతనికి పని మీద మనసు నిలవలేదు. చిత్రిక పడుతూ పడుతూ ఆగిపోయేవాడు. నోరు విప్పితే అక్కకి ఇబ్బంది. మూసుకుంటే, తను చేసిన దొంగ తలుపుని చూపించి పక్కవాడి నెత్తిన మొట్టుతున్నారు. మింగలేడు, కక్కలేడు. రోజూ అక్క ఇంటికి వెళ్ళేవాడు, బల్లకి ఎదురుగా కూర్చునేవాడు, నీళ్ళు నమిలి లేచి వచ్చేసేవాడు. ఆమెని అడిగితే వద్దంటుంది. అది అతనికి ఖాయంగా తెలుసు. అందుకే అడగలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఉతికిన చొక్కా తొడుక్కుని నేరుగా ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

పరిశీలకురాలు అతన్ని ఆదరంగా కూర్చోబెట్టింది. ఆమె బల్ల వెనక గోడకి అక్క ఇంటి తలుపు ఫొటో, నిలువెత్తుది, వేలాడుతోంది.

"మేడం, ఆ తలుపు నేను చేసింది," అన్నాడు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. ఎప్పుడు బాగుచేశారని, ఏ భాగమని అడిగి కలం తీసింది.

"బాగు చేయడం కాదు మేడం. మొత్తం నేనే చేశాను. పదకొండేళ్ళయింది. పాతది చెదపట్టి పోయింది."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది. ఆధారం ఏమిటంది. కుడి రెక్క పైబందు విప్పిస్తే, దాని వెనక పెన్సిలుతో వేసిన కొలతలు తన చేతిరాతలోనే ఉంటాయని చెప్పాడు. టీ సంగతీ, వెనిగర్ సంగతీ చెప్పాడు. ఆమె కలం మూత పెట్టి, వెనక్కి తిరిగి ఫొటో వైపు చూసింది.

"మొగ్గ కూడానా?" అంది చివరికి.

"ఉలి జారింది మేడం. అక్క భోజనానికి పిలిస్తే తల తిప్పాను. రేక విరిగింది. ఇంక ఏం చేస్తాం, మొగ్గ చేసేశాను."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ మొగ్గ మీద పదహారు పేజీల వ్యాసం రాశానని, పండితుల సభలో చదివానని, మామూలు గొంతుతోనే చెప్పింది. కోప్పడి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. అతను సంజాయిషీ చెప్పుకోబోతే చేత్తో వారించి, కాగితం ముందుకి లాక్కుంది.

"మీరు చెప్పకుండా ఉండాల్సింది మేస్త్రీ గారూ. చెప్పాక నేను రాయకుండా ఉండలేను."

"రాయండి మేడం. దాని కోసమే వచ్చాను. మరి మా పక్కింటి కిటికీ నోటీసు వెనక్కి తీసుకుంటారు కదా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ నోటీసుకీ దీనికీ సంబంధం ఏముందని అడిగింది. ఒకరు నియమం తప్పినంత మాత్రాన ఇంకొకరు తప్పింది ఒప్పైపోదు కదా అంది. మాట మర్యాదగానే అంది, అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. వడ్రంగి వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం అతనికి తట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాడు. అక్కకి ముందే చెప్పాలని లేచాడు, కానీ ఆఫీసు జీపు అతనికంటే వేగంగా వెళ్ళింది.

అతను వీధి మొగదలకి వచ్చేసరికి, తలుపు కుడి రెక్క పైబందు విప్పి ఉంది. ఇద్దరు గుమాస్తాలు పెన్సిలు గీతల్ని ఫొటో తీస్తున్నారు. వాళ్ళ వెనకాల, పేట చూడ్డానికి వచ్చిన జనం వాళ్ళనీ ఫొటో తీస్తున్నారు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. వేళ్ళకి జిగురు అంటుకుని ఉంది. తమ్ముణ్ణి చూసింది, చూపు తిప్పుకుంది. వాళ్ళు ఆ ఇత్తడి ఫలకాన్ని కూడా మరలు విప్పి తీసుకుపోయారు.

అందరూ పోయాక అతను వీధి దాటి వెళ్ళాడు. ఆమె మళ్ళీ బల్ల దగ్గర కూర్చుని ఉంది, చేతిలో సూది ఉంది, కుట్టడం లేదు. అతను మొత్తం చెప్పాడు. డ్రైవరు నోటీసూ, ముసలామె దగ్గూ, తను చేసిన మోసం తనని లోలోపల తొలిచేయడం, అన్నీ.

"నన్నెందుకడగలేదు?" అంది.

"వద్దంటావని."

"వద్దనేదాన్నే."

అతను తల దించుకున్నాడు. ఆఫీసువాళ్ళు ఏమన్నా తానే చూసుకుంటానని, తప్పంతా తనదేనని, ఆమెకి ఏ ఇబ్బందీ రానివ్వనని చెప్పాడు. ఆమె సూదిని మైనం ముద్దకి గుచ్చి పెట్టింది.

"ఆఫీసు సంగతి కాదురా. మీ బావ బయటినుంచి వచ్చినప్పుడల్లా కడియంతో కొట్టేవాడు కాదు. అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు, తలుపు నడిమధ్యన. నువ్వు కొత్తది పెట్టిన రోజు ఆ చోటు తడిమి చూశాను. నున్నగా అరిగి ఉంది. నువ్వే అరగదీశావని తెలుసు. తెలిసినా, మెల్లిగా, అది ఆయన చేతికి అరిగిందే అనుకోవడం మొదలుపెట్టాను. ఏళ్ళు గడిచాక నిజంగానే అదే తలుపైపోయింది నాకు. రోజూ పొద్దున తెరిచేటప్పుడు అక్కడే చెయ్యేసి తెరిచేదాన్ని. ఇప్పుడు నువ్వెళ్ళి అది టీ నీళ్ళు పూసిన చెక్కేనని అందరికీ చెప్పొచ్చావు."

నటనేంటి అని ఆమె అడిగిన రోజు అతనికి గుర్తొచ్చింది. ఆమె ఏడవలేదు. పోయి పని చూసుకోమంది.

తర్వాతి రోజులు ఇంకా కష్టంగా గడిచాయి. ఒక తలుపు అబద్ధమని తేలాక మిగతావి ఎంత నిజమో చూడాలి కదా, పరిశీలకురాలు వీధి వీధంతా మళ్ళీ సోదా పెట్టించింది. గోడల మీద గీకి చూశారు, చట్రాలు విప్పి చూశారు. మూల మేడ మీది రాతి పిట్టగోడ సిమెంటు పోతపోసిందని తేలింది. ఇస్త్రీ దుకాణం పైన చెక్క వసారా మొత్తం ప్లైవుడ్ అని తేలింది. టీచరమ్మ ఇంటి పాత పెంకులు పోయినేడాది పెంకులే. సగం వీధి చాటుమాటుగా, ఎవరికి వాళ్ళు, తమ ఇంటిని బతికించుకుంటూ వచ్చింది. ఎవరి గుట్టు వాళ్ళకే తెలుసు, ఇప్పుడు అందరి గుట్టూ అందరికీ తెలిసింది. నోటీసులు ఇంటింటికీ వచ్చాయి. వడ్రంగి పేరు ఆమోదించినవాళ్ళ జాబితాలోంచి కొట్టేశారు.

వీధి అతని మీద కత్తి కట్టింది. ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాళ్ళు. ఇస్త్రీ దుకాణం ఆయన చొక్కాలు తీసుకోవడం మానేశాడు. టీచరమ్మ మాత్రం ఆగి, నువ్వు మంచికే చేసుంటావు నాయనా, కానీ మా అందరి పెంకులూ పీకించావు అంది. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది. బతుకుతెరువు కోసం అతను పేట బయట కొత్త కాలనీల్లో అలమర్లకి తలుపులు బిగించే పని చూసుకున్నాడు. నున్నటి, అన్నీ ఒక్కలా ఉండే తలుపులు. పొద్దున పోయి, సాయంత్రం వచ్చేవాడు.

ఈ గందరగోళంలో ఒక్క మేలు జరిగింది. సోదా ముగిసేదాకా పాత నోటీసులన్నీ నిలిపేస్తున్నట్టు ఆఫీసు కాగితం పంపింది. అది ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. డ్రైవరు ఆ కాగితం పట్టుకుని వచ్చి, అతని చేతులు పట్టుకుని, నీ వల్లే మేస్త్రీ అన్నాడు. లోపలికి రమ్మని బలవంతం చేస్తే వెళ్ళాడు. ముసలామె అద్దాల కిటికీ పక్కన దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గడం లేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతకీ చెక్క కిటికీ ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. అవుతోందమ్మా అన్నాడు. తొందరేం లేదులే అందామె. ఆ గదిలో కూర్చున్నంతసేపూ అతనికి హాయిగానే అనిపించింది. బయటికొచ్చి అక్క ఇంటి వైపు చూడగానే ఆ హాయి ఎగిరిపోయింది.

అక్క తలుపుని పరీక్ష కోసమని ఆఫీసు గిడ్డంగికి తీసుకుపోయారు. బదులుగా ఒక కాంట్రాక్టరు చేత పలకలు కొట్టిన తాత్కాలిక తలుపు పెట్టించారు. ఆ బిగించినవాడు నేల వాలు చూసుకోలేదు. ఈ వీధిలో ఏ నేలా సమంగా ఉండదని వాడికెవరు చెప్తారు? తలుపు సగం తెరుచుకునేసరికి కింది అంచు బండకి రాసుకుని గీరుకుంటుంది. ఆ చప్పుడు వీధి దాటి వడ్రంగి పనిగదిలోకి వినిపిస్తుంది. పొద్దున్నే అక్క తెరిచినప్పుడు ఒకసారి, పుస్తకాల మూటలవాడు వచ్చినప్పుడు ఒకసారి, పొద్దుగూకాక మూసినప్పుడు ఒకసారి. ప్రతిసారీ అతని పళ్ళు పులిసేవి. పట్టుమని పది నిమిషాల పని. కింది అంచుని వాలుగా రెండుసార్లు చిత్రిక పడితే చాలు.

ఆమె పిలవలేదు. అతను రెండు నెలలు ఓర్చుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున చప్పుడు వినపడగానే, ఇంక ఆగలేక, చిత్రిక చేత్తో పట్టుకుని వీధి దాటాడు. తలుపు ఇంకా సగమే తెరిచి ఉంది. అక్క దాన్ని భుజంతో తోస్తోంది, నుదుటి మీద చెమట పట్టింది. అతన్ని చూసి తోయడం ఆపింది. అతని ముఖం కన్నా ముందు చిత్రిక వైపు చూసింది.

"కింద కాస్త తీస్తే సరిపోతుందక్కా," అన్నాడు. "లోపలికి కూడా రాను. ఇక్కడే గుమ్మంలో చేసి పోతాను."

ఆమె కిందికి, బండ మీద తలుపు గీసిన తెల్లటి అర్ధచంద్రం వైపు చూసింది. అతనూ చూశాడు. వీధిలో ఎవరో గొడుగు ఎత్తి పట్టుకుని, వెనక వస్తున్న పదిమందికి ఇళ్ళ గురించి చెప్పుకుంటూ వస్తున్నారు. ఈ గుమ్మం ముందు ఇప్పుడెవరూ ఆగడం లేదు. వాళ్ళూ దాటిపోయారు.

"ఇవాళ వద్దులే," అంది అక్క.

రెండు చేతులతో తలుపుని లోపలికి లాక్కుంది. అది బండని గీరుకుంటూ మూసుకుంది.